చెన్నపట్నంలో మార్గళి

ధనుర్మాసం వచ్చిందంటే తెలుగు పల్లెల్లో తెల్లవారుజామునే ముంగిళ్లలో కళ్లాపి చల్లుతారు. ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు పెట్టి, వాటి నెత్తిన గుమ్మడిపూలు గుచ్చుతారు. హరిదాసు అక్షయపాత్ర తలకెత్తుకొని వీధి వెంట వస్తాడు. ఈ నెలనే తమిళులు 'మార్గళి' అంటారు. డిసెంబరు నెల నడుమ మొదలై భోగి పండుగ దాకా సాగుతుంది. చెన్నై నగరంలో మార్గళికి మరొక అర్థం కూడా ఉంది. అక్కడివాళ్లు దానిని ఒక్క మాటలో 'సీజన్' అంటారు. సంగీతం, నృత్యం, హరికథ, పండిత చర్చ, వీటన్నిటితో పాటు వేడివేడి టిఫిన్లు! నెల పొడుగునా సాగే ఈ సందడి క్రిస్మస్ నుంచి జనవరి 1 వరకు గల వారంలో మరీ చిక్కబడుతుంది. ఆ ఒక్క వారంలో చెన్నైలో తిరిగితే నగరం మొత్తం ఏదో ఒక పాటకు తాళం వేస్తున్నట్లే తోస్తుంది.

చెన్నై మనకు పరాయి ఊరు కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీ వారికి సముద్రపు ఒడ్డున కోట కట్టుకొనేందుకు చోటిచ్చినవారు దామెర్ల వంశపు నాయకులు. వారి తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అన్న పేరు వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. మద్రాసు అన్న పేరు ప్రభుత్వపరంగా చెన్నైగా మారింది 1996లో. తెలుగువారి నోట మాత్రం అది ఏనాటి నుంచో చెన్నపట్నమే.

ఈ ఉత్సవం డిసెంబరులోనే ఎందుకు జరుగుతుంది? ఇందుకు భక్తి ఒక్కటే కారణం కాదు. 1927 డిసెంబరులో మద్రాసులో జాతీయ కాంగ్రెస్ మహాసభ జరిగింది. దానితో పాటు అఖిల భారత సంగీత సభ కూడా జరిపారు. అందులో చేసిన తీర్మానం ఫలితంగా 1928లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. ఆ తరువాత ఏటేటా జరిగే దాని సంగీత సభలు డిసెంబరుకు స్థిరపడ్డాయి. ఆనాడు కోర్టులకు, కచేరీలకు క్రిస్మస్ సెలవులు ఉండేవి. వకీళ్లు, ఉద్యోగులు తీరికగా వచ్చి కూర్చునేవారు. (ఇక్కడ రెండు కచేరీలు ఉన్నాయి గమనించండి. ఒకటి ఆఫీసు, రెండవది పాట!) ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి, చెన్నైలో కాస్త చల్లగా ఉండే రోజులు కూడా అవే. మరొక చిన్న కారణం ఉంది. ధనుర్మాసంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు. పెళ్లిళ్లు లేకపోతే పెళ్లి వంటవాళ్లకు పని ఉండదు. ఆ సంగతి తరువాత వస్తుంది.

అకాడమీ మొదటి సభ కాదు. తిరువల్లిక్కేణిలోని పార్థసారథి స్వామి సభ 1900లోనే వెలసింది. ఇప్పుడు మైలాపూరు, త్యాగరాయనగర్ మొదలైన పేటలన్నిటిలో సభలు ఉన్నాయి. కొన్నిటికి సొంత మందిరాలు ఉంటే, మరికొన్ని బడుల హాళ్లలో, కల్యాణ మండపాలలో జరుగుతాయి. అకాడమీకి ఇప్పుడున్న పెద్ద మందిరం 1962లో ప్రారంభమైంది. 2017లో యునెస్కో సంస్థ చెన్నైని సంగీతానికి పేరు పొందిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది.

ఈ వారంలో చెన్నై పొద్దు తెల్లవారక ముందే మొదలవుతుంది. మైలాపూరు కపాలీశ్వరాలయం చుట్టూ నాలుగు మాడ వీధులు ఉన్నాయి. మార్గళి ఉదయాల్లో భజన బృందాలు ఆ వీధుల్లో పాడుకుంటూ ప్రదక్షిణంగా వస్తాయి. తమిళంలో వందలకొద్దీ కీర్తనలు రచించిన పాపనాశం శివన్ చాలా ఏళ్లు ఈ భజనకు ముందు నడిచాడు. ఆయన 1973లో మరణించినా భజన ఆగలేదు. వైష్ణవాలయాలలో ఆండాళ్ తిరుప్పావై వినిపిస్తుంది. ముప్పై పాశురాలు, రోజుకు ఒకటి. ఇళ్ల ముందు ఆడవాళ్లు బియ్యప్పిండితో 'కోలం' వేస్తారు. నడుమ పేడముద్ద పెట్టి, దానిలో గుమ్మడిపువ్వు గుచ్చుతారు. తెలుగు పిల్లవాడు ఎవరైనా చూస్తే "ఇది మన గొబ్బెమ్మే కదా!" అనక మానడు. ఏది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని అడగడం అనవసరం. పక్కపక్కనే బతికిన వాళ్ల ముంగిళ్లు ఒకలాగే ఉంటాయి.

ఎనిమిది గంటలకు అకాడమీలో ఉదయపు సదస్సు మొదలవుతుంది. ఒక విద్వాంసుడు ఒక విషయం తీసుకొని మాట్లాడుతూ, పాడి చూపుతూ వివరిస్తాడు. ఒక రాగంలో ఫలానా స్వరం ఉన్నదా లేదా అన్నదాని మీద పెద్దలు గంటసేపు వాదించుకోవడం అక్కడ వింత కాదు. మధ్యాహ్నం కచేరీలు వర్ధమాన కళాకారులవి. వీటికి చాలా చోట్ల టిక్కెట్టు ఉండదు. సాయంకాలపు కచేరీలకు ఉంటుంది. పేరున్న విద్వాంసుల కచేరీ అయితే రోజువారీ టిక్కెట్ల కోసం తెల్లవారకముందే బారులు తీరతారు. అమెరికా, సింగపూరులలో స్థిరపడిన వాళ్లు కూడా ఈ వారానికి సెలవు పెట్టుకొని వస్తారు. ముందు వరుసల్లో కంచి పట్టుచీరల రెపరెపలు, వెనుక వరుసల్లో చేతిలో చిన్న పుస్తకం పెట్టుకొని ప్రతి పాటా, రాగమూ రాసుకునే ముసలివాళ్లు. కచేరీ నిజంగా ఎక్కడ నిలిచిందో తెలియాలంటే వెనుక వరుసల వారినే అడగాలి.

కచేరీకి ఒక కట్టుబాటు ఉంది. మొదట వర్ణం పాడతారు. అది గొంతుకూ వాద్యాలకూ సాము వంటిది. తరువాత రెండు మూడు చిన్న కృతులు. ఆపైన ఒక పెద్ద రాగం తీసుకొని ఆలాపన చేసి, కృతి పాడి, అందులోని ఒక పంక్తిని ఎత్తుకొని అనేక విధాలుగా మళ్లీ మళ్లీ పాడతారు. దీనిని 'నెరవు' అంటారు. స్వరకల్పన అయిన తరువాత మృదంగం, ఘటం వాయించేవారికి 'తని ఆవర్తనం' ఇస్తారు. చివర చిన్నచిన్న పదాలు, జావళీలు, భజనలు పాడి మంగళంతో ముగిస్తారు. ఈనాడు మనం వింటున్న ఈ వరుసను తీర్చిదిద్దిన ఘనత అరియక్కుడి రామానుజ అయ్యంగారుది అని సంగీతజ్ఞులు చెబుతారు.

తని ఆవర్తనం మొదలు కాగానే హాల్లో ఒక కదలిక కనిపిస్తుంది. కొందరు చడీచప్పుడు లేకుండా లేచి బయటికి నడుస్తారు. మృదంగ విద్వాంసుడికి ఇది ఎంత నొప్పో చెప్పనక్కరలేదు. వాళ్లు వెళ్లేది సభ కాంటీనుకు.

సభ కాంటీను చెన్నై మార్గళికి మాత్రమే సొంతమైన వింత. పెళ్లి ముహూర్తాలు లేని ఈ నెలలో పేరుమోసిన పెళ్లి వంటవాళ్లు సభల పెరళ్లలో పందిరి వేసి పొయ్యి వెలిగిస్తారు. ఏ సభలో ఏ వంటవాడు దిగాడన్నది పత్రికల్లో వార్త అవుతుంది. పొద్దున కట్టుపొంగలి, దానికి తోడు వంకాయ గొత్సు. మధ్యాహ్నం అరిటాకు వేసి పూర్తి భోజనం: సాంబారు, రసం, కూటు, మోర్ కుళంబు. ఈ మోర్ కుళంబు మరేదో కాదు, మన మజ్జిగ పులుసుకు అక్కగారు. సాయంత్రం అడై, అవియల్. పప్పులు, బియ్యం కలిపి బరకగా రుబ్బి మందంగా పోసిన అట్టు అడై. కొబ్బరి, పెరుగు కలిపి చేసిన కూరల కలగూర అవియల్. ఇవి కాక అరటిపువ్వు వడ, ఆకుకూర వడ, రవ్వ దోసె. తీపి కావాలంటే బూడిద గుమ్మడితో చేసిన కాశీ హల్వా, పెసరపప్పుతో చేసే తంజావూరి అశోక హల్వా. చివరికి ఇత్తడి డవరా, టంబ్లరులో నురగలు కక్కే కాఫీ ఉండనే ఉంది.

కచేరీకి రాకుండా కాంటీనుకే వచ్చేవాళ్లు కూడా లేకపోలేదు. వారిని చూసి నవ్వేవాళ్లు ఉన్నారు కాని, నవ్వనక్కరలేదు. అక్కడ బల్ల దగ్గర నిలబడి తింటూ ముక్కూ మొహం తెలియని ఇద్దరు, ఇంతకు ముందు విన్నది భైరవియా, మాంజియా అని వాదులాడుకుంటారు. బ్యాంకు గుమాస్తా, విశ్రాంత న్యాయమూర్తి, వయొలిన్ నేర్చుకునే పిల్ల ఒకే వరుసలో దోసె కోసం నిలబడతారు. హాల్లోని కుర్చీకి ధరను బట్టి ముందూ వెనుకా ఉంటుంది. ఇక్కడ అది లేదు.

ఇక పాటల సంగతి. ఆ వారంలో వందల కచేరీలు జరుగుతాయి. వాటిలో వినిపించే కృతులలో ఎక్కువ పాలు తెలుగువి. త్యాగరాజు కృతులు లేని కచేరీ అరుదు. శ్యామశాస్త్రి కృతులు చాలావరకు తెలుగే. మువ్వ క్షేత్రయ్య పదాలు తెలుగు. చివర పాడే జావళీలలో అధికం తెలుగు. వింతేమంటే, త్యాగరాజు తెలుగునాట పుట్టలేదు. 1767లో తమిళదేశంలోని తిరువారూరులో పుట్టాడు. కావేరి ఒడ్డున తిరువయ్యారులో బతికి, 1847లో అక్కడే సిద్ధి పొందాడు. చుట్టూ తమిళం మాట్లాడే ఊళ్లో, ఇంట్లో వినిపించే తెలుగులో పాట కట్టాడు. ఈ పాఠం చదువుతున్న పిల్లల్లో ఎందరి ఇళ్లలోనో పరిస్థితి ఇదే. వీధిలో ఒక భాష, వంటింట్లో ఒక భాష.

ఆ పాటలు నేడు పాడేవారిలో, వినేవారిలో చాలామందికి తెలుగు రాదు. పాట నేర్చుకునేటప్పుడు సాహిత్యాన్ని తమ లిపిలో రాసుకుంటారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగింటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధ లకూ అంతే. తమిళానికి ఆ ఒక్క అక్షరం చాలు. ఆ భాషలో లోపం ఏమీ లేదు. కాని తెలుగు మాటను అందులో రాస్తే చిక్కు వస్తుంది. 'కాలి', 'గాలి' ఒకలాగే కనిపిస్తాయి. 'తనము', 'ధనము' ఒకటైపోతాయి. ఈ చిక్కు తీర్చడానికే తమిళంలో అచ్చయిన సంగీత పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేస్తారు. క పక్కన 3 ఉంటే గ అని చదువుకోవాలి. ఎంత ఓపిక కావాలో ఊహించండి!

ఉచ్చారణ కన్న పెద్ద చిక్కు పదవిభజన. 'నీవు రాకున్న' అనే మాటను తాళానికి ఇమిడేటట్లు 'నీవురా' అని ఒకచోట ఆపి, 'కున్న' అని మళ్లీ ఎత్తుకుంటే ఏమవుతుంది? రాలేదని బాధపడవలసిన చోట "నీవే కదరా" అని పిలిచినట్లవుతుంది. నెరవు పాడేటప్పుడు ఒకే పంక్తిని ఇరవై సార్లు పాడతారు కనుక తప్పు కూడా ఇరవై సార్లు వినిపిస్తుంది. తెలుగు తెలిసినవాళ్లు కుర్చీల్లో ఇబ్బందిగా కదులుతారు. అయితే విసుక్కోవడం సులభం. ఈనాటి తమిళ, మలయాళ, కన్నడ యువ గాయకులలో అనేకులు తెలుగు వచ్చినవారి దగ్గర కూర్చుని ఒక్కొక్క మాటకూ అర్థం రాసుకుంటున్నారు. పాట కోసం ఓనమాలు దిద్దినవారూ ఉన్నారు. అదే నగరంలో ఇంట తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని పిల్లలు వేలమంది ఉన్నారు. వీళ్లకు మాట తెలుసు, అక్షరం తెలియదు. వాళ్లు అక్షరం నేర్చి మాటను వెతుక్కుంటున్నారు.

తెలుగు పాట మీద ఒకప్పుడు చెన్నైలో వివాదం కూడా నడిచింది. 1940 ప్రాంతంలో కచేరీల్లో తమిళ పాటలు చివర తుక్కడాలుగా మాత్రమే వినిపించేవి. తమిళనాట తమిళ పాటకు చివరి చోటా అని కొందరు పెద్దలు అడిగారు. రాజా అన్నామలై చెట్టియారు పూనికతో 1943లో తమిళ్ ఇసై సంగం ఏర్పడింది. రాజాజీ, రచయిత కల్కి వంటివారు దీనిని బలపరిచారు. సంగీతానికి భాష అడ్డు కాదని ఎదుటి పక్షం వాదించింది. రెండు వైపులా పత్రికల్లో గట్టి మాటలు పడ్డాయి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ అడగడం న్యాయమే అనిపిస్తుంది. వినేవాడు తన భాషలో పాట వినాలని కోరడం తప్పెలా అవుతుంది? వేరే రాష్ట్రంలో ఉంటూ తెలుగు పుస్తకం కావాలని అడిగే పిల్లలకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. తమిళ్ ఇసై సంగం ఉత్సవం కూడా ఇప్పుడు ఈ సీజన్‌లోనే జరుగుతుంది. తమిళ కీర్తనలకు కచేరీ నడుమన చోటు దొరికింది. త్యాగరాజు పాటకు దాని వల్ల తరుగు ఏమీ రాలేదు.

తెలుగునాటి నుంచి వచ్చి ఈ వేదికల మీద వెలిగినవారు ఎందరో. విజయనగరం వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడు 1941లో అకాడమీ సభలకు అధ్యక్షత వహించాడు. అధ్యక్షుడికి ఇచ్చే బిరుదు 'సంగీత కళానిధి'. 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, 1983లో శ్రీపాద పినాకపాణి, 1991లో నేదునూరి కృష్ణమూర్తి ఆ బిరుదు పొందారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1998లో పొందాడు. ఆడవారిలో మొదట ఆ గౌరవం దక్కింది ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి, 1968లో. అంటే అకాడమీకి నలభై ఏళ్లు పట్టింది! 1973లో ఆ బిరుదు పొందిన నర్తకి బాలసరస్వతి, వీణ ధనమ్మాళ్ మనుమరాలు. జార్జిటౌన్‌లోని ధనమ్మాళ్ ఇంట శుక్రవారం సాయంకాలాల్లో వినిపించిన క్షేత్రయ్య పదాలను ఆ కుటుంబమే తరువాతి తరాలకు అందించింది. నృత్యం మాట వస్తే, వెంపటి చినసత్యం 1963లో ఇదే నగరంలో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరినో తీర్చిదిద్దాడు.

ఈ వారంలో నగరమంతా సభల్లోనే ఉంటుందనుకోకూడదు. 25న శాంథోం చర్చిలో క్రిస్మస్ ప్రార్థనలు జరుగుతాయి. 31 రాత్రి మెరీనా తీరానికి జనం తరలి వెళతారు. మ్యూజిక్ అకాడమీకి అంత దూరం కాని రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచిన ఇల్లు ఉంది. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ఆయన అక్కడ అమరుడయ్యాడు. నేడు అది స్మారక భవనం.

సభల్లోకి అడుగు పెట్టని, పెట్టలేని వాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. వేదిక మీద, కుర్చీల్లో ఎక్కువగా ఒకే వర్గంవారు కనిపిస్తారన్న విమర్శ చాలాకాలంగా ఉంది. గాయకుడు టి.ఎం. కృష్ణ, ఆయన మిత్రులు 2015లో బీసెంట్ నగర్ తీరంలోని ఊరూర్ ఆల్కాట్ కుప్పం అనే జాలరి పేటలో ఊరివారితో కలిసి ఒక ఉత్సవం మొదలుపెట్టారు. పడవల పక్కన ఇసుకలో వేదిక వేసి, శాస్త్రీయ సంగీతం, భరతనాట్యం, పరై వాద్యం అన్నీ ఒకే చోట వినిపించారు. టిక్కెట్టు లేదు. చేపలు ఎండబెట్టే చోట పట్టుచీరలవాళ్లు కింద కూర్చుని విన్నారు. 2020లో కరోనా వల్ల సభలు మూతపడినప్పుడు అకాడమీ కచేరీలను అంతర్జాలంలో ప్రసారం చేసింది. చెన్నై ఎన్నడూ చూడనివారు కూడా ఆ ఏడు ఇంటి నుంచే విన్నారు. కాంటీను వాసన మాత్రం వారికి అందలేదు.

జనవరి 1న అకాడమీలో 'సదస్సు' జరిపి ఆ ఏటి అధ్యక్షుడికి సంగీత కళానిధి బిరుదు ఇస్తారు. కాంటీను పందిళ్లు ఒక్కొక్కటే విప్పుతారు. వంటవాళ్లు తై నెల ముహూర్తాలకు బయానాలు తీసుకుంటారు. గాయకులలో చాలామంది మాత్రం ఇంకా పెట్టె కట్టరు. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన ఉంటుంది. ఆనాటి ఉదయం వందలమంది కావేరి ఒడ్డున ఎదురెదురు వరుసల్లో కూర్చుని పంచరత్న కృతులు కలిసి పాడతారు. అయిదింటిలో మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. ప్రతివారి ఒడిలోనూ ఒక పుస్తకం తెరిచి ఉంటుంది. ఒకరిది తమిళ లిపి, ఒకరిది కన్నడం, ఒకరిది మలయాళం, మరొకరిది నాగరి. కొందరి ఒడిలో తెలుగు.

పదాలు - అర్థాలు
పాశురం: ఆళ్వార్లు, ఆండాళ్ రచించిన తమిళ భక్తిగీతం. వర్ధమాన: ఎదుగుతున్న. వాయులీనం: వయొలిన్. తుక్కడా: కచేరీ చివర పాడే చిన్న పాట. బయానా: పని ఒప్పుకొంటూ ముందుగా తీసుకొనే సొమ్ము. పూనిక: ప్రయత్నం, పట్టుదల.

ప్రశ్నలు
1. చెన్నైలో సంగీతోత్సవం డిసెంబరులో స్థిరపడడానికి గల కారణాలు ఏవి?
2. తెలుగు మాటలను తమిళ లిపిలో రాసేటప్పుడు వచ్చే చిక్కు ఏమిటి? దానిని ఎలా తీర్చుకుంటారు?
3. తమిళ్ ఇసై సంగం కోరినది న్యాయమేనా? మీ అభిప్రాయం కారణాలతో రాయండి.
4. 'నీవు రాకున్న' వలె, విడదీసే చోటు మారితే అర్థం మారే మరి రెండు మాటలు వెతికి రాయండి.
5. మీ ఊళ్లో ఏటేటా జరిగే ఉత్సవాన్ని, అక్కడ దొరికే ఒక వంటకాన్ని గురించి పదిహేను వాక్యాలు రాయండి. ఆ వంటకానికి మీ ఇంట్లో ఏ పేరు, వీధిలో ఏ పేరు?